మాస్టారింటి గచ్చు

అక్షరాలు దిద్దించినవాళ్ళకి దండం పెట్టడం లోకంలో ఉన్నదే. మా పెద్దాడికి సరిగ్గా ఒంటికి పోవడం నేర్పిన ఇద్దరికి నేను ఇప్పటికీ పొద్దున్నే దీపం పెట్టేటప్పుడు దండం పెట్టుకుంటాను. ఈ మాట అంటే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. నవ్వుకోనీ. ఎనభయ్యో పడికి దగ్గరపడ్డాక దేనికి దండం పెట్టాలో ఒకరు చెప్పనక్కర్లేదు. పైగా వాళ్ళు వాడితోపాటు నాకూ ఒకటి నేర్పారు. అందుకని ఒక దండం వాడి తరఫున, ఒకటి నా తరఫున.

పంతొమ్మిదివందల అరవైలు చివరికొచ్చిన రోజులు. మా ఆయనకి గరివిడి ఫ్యాక్టరీలో కాటా దగ్గర పని దొరికింది. నాకు ఇరవై రెండేళ్ళు, పిల్లాడికి నాలుగు నిండాయి. నేను పుట్టిందీ మెట్టిందీ శృంగవరపుకోట దగ్గర ఒకటే పల్లె. మేనరికం. వరీ చోడీ పండించుకునే ఇళ్ళు మావి. అత్తవారింటికి వెళ్ళడమంటే వీధి దాటడమే. అలాంటిదాన్ని ఒక ట్రంకుపెట్టె, రెండు బిందెలు, చంకన పిల్లాడితో గరివిడిలో దిగాను. దిగిన రోజునే ఏడ్చాను. మా ఆయన నాకు కోపం ముక్కు మీద, ఏడుపు కంటి చివర ఉంటాయనేవాడు. అబద్ధం చెప్పలేదు.

మాకు దొరికిన ఇల్లు రిటైరైన ఒక మాస్టారిది. విజయనగరంలో ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి వచ్చినవారు. తాత ముత్తాతలు గుళ్ళో సేవ చేసుకుంటూ బతికిన కుటుంబం. భార్య పోయింది. ఆయన అక్కగారు, చిన్నప్పుడే భర్త పోయినావిడ, ఇల్లు చూసుకునేది. ఆవిణ్ణి అందరూ మామ్మగారనే పిలిచేవారు. ముందు వాటాలో వాళ్ళిద్దరూ, వెనక రెండు గదుల్లో మేం ముగ్గురం. పెరడు ఉమ్మడి. నుయ్యి, తులసికోట, నాలుగు అరటిచెట్లు, పెరటి చివర దొడ్డిగది.

ఆ దొడ్డిగది మాస్టారి గర్వం. మోకాళ్ళు పట్టేసి రైలుకట్ట అవతలికి నడవలేకపోతున్నానని ఆయన దాన్ని కట్టించుకున్నారు. తెల్ల పింగాణీ బేసిను, దానికి రెండు పక్కలా పాదాలు పెట్టుకునే మెట్లు, కింద అద్దంలా పాలిష్ చేసిన ఎర్ర గచ్చు, మూల నీళ్ళ గోలెం. ఆ వీధిలో అలాంటిది ఇంకొకటి లేదు. మాకు ఇల్లు చూపించినప్పుడు వంటగది కంటే ముందు దాన్నే చూపించారు. నాకైతే మొదటి వారం అందులోకి వెళ్ళాలంటేనే భయం. ఎటు తిరిగి కూర్చోవాలో తెలియక, అడగడానికి సిగ్గేసి, తలుపేసుకుని రెండు వైపులా కూర్చుని చూశాను. ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు రాలేదు.

పిల్లాడి సంగతిలో నాకు ఏ బెంగా లేకపోయింది. రెండేళ్ళకే "అమ్మా, ఒంటికి" అని చెప్పడం వచ్చినవాడు. పక్క తడపడం ఎరగడు. మా అమ్మ వాణ్ణి చూపించి ఊళ్ళో కొత్తగా తల్లులైనవాళ్ళకి పాఠం చెప్పేది. పల్లెలో వాడికి ప్రతి గోడా దొడ్డే, ప్రతి గట్టూ దొడ్డే. ఇక్కడికొచ్చాక రెండు మెట్ల మధ్య బేసినుకి దగ్గరగా నిలబడాలని, అయ్యాక రెండు చెంబులు పోయాలని చెప్పాను. చెప్పినట్టే చేశాడు. పదిరోజులు ఏ గొడవా లేదు. ఈ పదిరోజుల సంగతి అప్పుడు నేను పట్టించుకుని ఉంటే చాలా దెబ్బలు తప్పేవి.

పదకొండో రోజునో పన్నెండో రోజునో గచ్చు తడవడం మొదలైంది. గచ్చొక్కటే అయితే పరవాలేదు. మెట్టు మీద, గోడ మీద, గోలెం అంచు మీద, ఒకసారి తలుపు లోపలి గడియ మీద కూడా. కావాలని తిరుగుతూ పోసినట్టుండేది. అది కార్తీకమాసం. మామ్మగారు నెల్లాళ్ళూ తెల్లవారుజామున నూతి దగ్గర చన్నీళ్ళ స్నానం చేసి, తడిబట్ట పిండి ఆరేసి, మడి కట్టుకునేది. మడి కట్టుకున్నాక ఎవరూ తాకకూడదు. ఒంటికి వెళ్ళొస్తే మామూలుగా కాళ్ళు కడుక్కుంటే సరిపోయేది. ఇంకొకరి ఉచ్చలో కాలు పడితే మాత్రం మళ్ళీ నెత్తిన నీళ్ళు పోసుకోవాలి, మళ్ళీ బట్ట తడపాలి. అరవై అయిదేళ్ళ మనిషి, ఆ చలిలో. ఒకరోజు రెండుసార్లు పోసుకుంది. మూడోరోజు మా గుమ్మం ముందుకొచ్చి దూరంగా నిలబడి అడిగింది, పిల్లాడికి ఏమీ నేర్పలేదా అని.

నేర్పకేం, వాడికి రెండేళ్ళకే వచ్చని చెప్పాను. ఆవిడ నా వైపు చూసి, ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంది. అంటే తల్లినైన నేను కూడా గచ్చు తడుపుతున్నానని. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మా ఆవూ మెయ్యనేదు, మా దూడా మెయ్యనేదు మామ్మగారూ. మీ ఇంటోళ్ళనే ఓపాలి అడిగి సూడండి" అన్నాను.

మాస్టారికి చూపు ఆననమాట నిజమే. కానీ అది నేను అనవలసిన మాట కాదు. ఆవిడ ముఖం గట్టిపడింది. కార్తీకం వెళ్ళేలోగా వేరే ఇల్లు చూసుకోమని చెప్పి వెనక్కి తిరిగింది. ఆ మధ్యాహ్నమే పిల్లాడు దొడ్డిగదిలోంచి రాగానే నేను లోపలికెళ్ళి చూశాను. గోడ వాడి ఛాతీ ఎత్తున తడిసి ఉంది. అంత పెద్ద నోరు చేసుకుని మాట్లాడిన నాకు ఆ గోడని చూస్తే తల కొట్టేసినట్టయింది.

వాణ్ణి నిలబెట్టి ఎందుకిలా చేశావని అడిగాను. వాడు నేల చూపులు చూశాడు. వీపు మీద ఒకటి వేశాను. అదీ మొదటి దెబ్బ.

ఆ తరవాత నాకు తోచిన ఉపాయాలన్నీ చేశాను. బేసిను లోపల ఒక పారిజాతం ఆకు వేసి, "దాన్ని కొట్టు సూద్దాం" అన్నాను. నేను పక్కనుండి చొక్కా ఎత్తిపట్టి, భుజం పట్టుకుని నిలబెడితే ఆకుని గురిచూసి కొట్టేవాడు. కొట్టి నవ్వేవాడు కూడా. సుద్దముక్కతో గచ్చు మీద పాదాల గుర్తులు గీశాను, అక్కడే నిలబడాలని. నేనున్నంతసేపూ అక్కడే నిలబడేవాడు. కానీ వాడికి నేను లోపలుండటం ఇష్టం లేదు. మాస్టారు తాత ఒక్కడే వెళ్తాడు కదా, నువ్వు బయటికెల్లు అనేవాడు. సరేనని బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసి నిలబడితే మళ్ళీ అదే కథ. పైగా ఇంకొకటి. నేను బయటినుంచి "ఏటి సేత్తన్నావురా లోపల?" అంటే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. పిలిచినకొద్దీ బిగుసుకునేవాడు. నన్ను సాధిస్తున్నాడనుకున్నాను. పల్లెలో ఉన్నన్నాళ్ళూ చక్కగా ఉన్నవాడు, ఊరు మార్చినందుకు నా మీద పగ తీర్చుకుంటున్నాడనుకున్నాను. నాలుగేళ్ళ గుంటడు పగ తీర్చుకోవడమేమిటని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు. ఒకవైపు మామ్మగారి గడువు, ఇంకోవైపు ఎక్కడా దొరకని ఇల్లు. ఫ్యాక్టరీలో చేరినవాళ్ళందరూ ఇళ్ళ కోసమే తిరుగుతున్నారు.

మధ్యలో ఒకసారి వాడు సంతకెళ్తున్న నన్ను పట్టుకుని పొడుగు మొలతాడు కొనమని అడిగాడు. ఉన్న మొలతాడుకేం రోగమొచ్చిందని కసిరాను. వాడు మళ్ళీ అడగలేదు.

ఎన్నిసార్లు కొట్టానో లెక్క పెట్టుకోలేదు. లెక్క పెట్టుకునేదాన్నయితే కొట్టేదాన్నే కాదు. గచ్చు తడిసిన ప్రతిసారీ మామ్మగారి కంటే ముందు నేనే వెళ్ళి చూసేదాన్ని, బకెట్టు నీళ్ళు కొట్టి కడిగేదాన్ని, కడిగిన తడిచేత్తోనే వాడి వీపు మీద ఒకటి వేసేదాన్ని. అది అలవాటైపోయింది. కడగడం, కొట్టడం, తరవాత వంట.

కొన్నాళ్ళకి గచ్చు పొడిగా ఉండటం మొదలెట్టింది. నా దెబ్బలు పనిచేశాయనే అనుకున్నాను. మా ఆయనతో గొప్పగా చెప్పాను కూడా. మూడోరోజు మధ్యాహ్నం పిల్లాడు అన్నం దగ్గర కూర్చుని ముద్ద ఎత్తకుండా ఏడవడం మొదలెట్టాడు. పొట్ట పట్టుకుని ముడుచుకుపోయాడు. చెయ్యి వేస్తే బొడ్డు కింద రాయిలా ఉంది. ఎప్పుడు ఒంటికెళ్ళావురా అని అడిగాను. చెప్పలేదు. పొద్దున్నించీ వెళ్ళలేదని నాకు అప్పుడు తట్టింది. నిన్న మాత్రం ఎన్నిసార్లు వెళ్ళాడు? గుర్తు తెచ్చుకుంటే ఒక్కసారి, అదీ వాళ్ళ నాన్నతో బజారుకెళ్ళినప్పుడు దారిలో.

చంకనేసుకుని దొడ్డిగదికి పరిగెత్తాను. గుమ్మం దగ్గరికి రాగానే వాడు తలుపు చెక్క పట్టుకుని వదల్లేదు. "ఎల్నమ్మా, కొడతావు, ఎల్నమ్మా" అని గొంతు చించుకున్నాడు. కొట్టనురా, ఒట్టు అంటున్నాను. నమ్మట్లేదు. ఎలా నమ్ముతాడు? గోరువెచ్చని నీళ్ళు పొట్ట మీద పోశాను. చెంబుతో సన్నగా ధార పోసి శబ్దం వినిపించాను. మా అమ్మ చేసేది అలాగే. వాడు బిగబట్టుకునే ఉన్నాడు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. వాడికేదైనా అయితే నా చేతుల్ని నేనేం చేసుకోవాలి అన్న ఒక్క మాటే బుర్రలో తిరుగుతోంది.

ఆ ఏడుపుకి మాస్టారు ముందు వాటాలోంచి కర్ర పట్టుకుని వచ్చారు. అంతవరకూ ఆయన నాతో పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండరు. వెనక వసారాలో మామ్మగారు దేవుడికి దండ గుచ్చుతూ కూర్చుని ఉంది. ఆవిడ చూస్తోందని నాకు తెలుసు. మాస్టారు ఏమైందని నన్నడగలేదు. పిల్లాడి ముందు వంగి, "నేనూ ఒంటికే వెళ్తున్నానురా. తోడొస్తావా" అన్నారు.

వాడి ఏడుపు ఆగింది. నా చంక దిగాడు.

ఆయన అలవాటుగా జందెం చెవికి చుట్టుకున్నారు. వాళ్ళలో మగవాళ్ళు దొడ్డికెళ్ళేటప్పుడు జందెం కుడిచెవికి చుట్టుకుంటారు, మళ్ళీ దించేవరకూ నోరు విప్పరు. నేను వచ్చినప్పట్నించీ రోజూ చూస్తున్నదే. చూసి చూసి చూడటం మానేశాను. ఆయన గుమ్మం దగ్గర నిలబడి, ముందు నువ్వెళ్ళు అన్నట్టు చేత్తో చూపించారు. తలుపు వెయ్యలేదు. పిల్లాడు లోపలికెళ్ళాడు, వెనక్కి తిరిగి ఆయన చెవి వైపు ఒకసారి చూశాడు. తరవాత చొక్కా నోటితో పట్టుకుని, రెండు చేతులతో తన మొలతాడు పట్టుకుని, పైకి లాగడం మొదలెట్టాడు. చెవి దగ్గరికి. మొలతాడు ఎక్కడైనా చెవికి అందుతుందా? తాడు రాకపోతే చెవినే కిందికి తెస్తున్నాడు. తల వంచి, భుజం వంచి, ఒళ్ళంతా మెలితిప్పి, ఒంటికాలి మీద గిర్రున తిరుగుతున్నాడు. పొద్దున్నించీ ఆపుకున్నదంతా ఆ తిరుగుడులోనే వదిలాడు. గోడకీ, గోలేనికీ, సుద్దతో నేను గీసిన పాదాలకీ, అన్నిటికీ పడింది. బేసినులో మాత్రం చుక్క పడలేదు.

నాకు ముందు ప్రాణం లేచొచ్చింది, పోసేశాడు కదా అని. మరుక్షణమే ఇంకొకటి అనిపించింది. వీడు జందేన్ని వెక్కిరిస్తున్నాడు, అదీ మాస్టారి కళ్ళ ముందే, మామ్మగారు చూస్తుండగా. ఇంక కార్తీకం వెళ్ళేదాకా కూడా ఉండనివ్వరు, ఈ సాయంత్రమే సామాను వీధిలో ఉంటుంది అనుకున్నాను. నా చెయ్యి దానంతటదే లేచింది. ఒట్టు పెట్టి అయిదు నిమిషాలు కాలేదు.

మాస్టారు అరచెయ్యి చాపి నన్ను ఆపారు. చెవికి జందెం ఉంది కాబట్టి మాట్లాడలేదు. అలా చెయ్యి చాపే ఉంచి, రెండో చేత్తో జందెం దించుకుని, అప్పుడన్నారు.

"వాణ్ణేమీ అనకమ్మా. నా దగ్గర సగం నేర్చుకున్నాడు. మిగతా సగం తలుపు వెనక ఉండిపోయింది."

నాకు అర్థమవడానికి ఒక నిమిషం పట్టింది. ఆయన రోజూ చెవికి చుట్టుకుంటూ పెరడు దాటడం ఆ మొదటి పదిరోజులూ వాడు చూస్తూ వచ్చాడు. లోపలికెళ్ళి తలుపేసుకున్నాక ఆయన కూర్చుంటారని వాడికి తెలియదు. వాళ్ళలో మగవాళ్ళు నిలబడి పొయ్యరు. వాడికి కనిపించినదల్లా తాడు చెవికి చుట్టుకోవడం, నోరు మూసుకోవడం. ఆ రెండూ వాడు నిష్ఠగా చేశాడు. నేను తలుపు బయట గొంతు చించుకున్నప్పుడు పలకనిది మొండితనం కాదు, మౌనం. పొడుగు మొలతాడు అడిగింది అందుకు. ఒక్కొక్కటీ తట్టినకొద్దీ ఒక్కొక్క దెబ్బ గుర్తొచ్చింది. ఎందుకిలా చేశావని వాణ్ణి ఇరవైసార్లు అడిగాను. ఎలా చేస్తున్నావో చూపించమని ఒక్కసారి అడగలేదు.

ఆ మధ్యాహ్నమే మాస్టారు పాఠం మొదలెట్టారు. కర్ర గోడకి ఆనించి, తన మోకాళ్ళ నొప్పితోనే ఎలా కూర్చోవాలో గచ్చు బయట కూర్చుని చూపించారు. బేసిను పక్కనున్న మెట్లు పెద్దవాళ్ళ కాళ్ళకి కట్టినవి. వాడి కాళ్ళు అంత ఎడం చాలక ముందుకి తూలేవాడు. ఆయన పెరట్లోంచి రెండు ఇటుకలు తెప్పించి మెట్లకి లోపలివైపు పెట్టించారు. కూర్చోవాలి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకోవాలి, తల వంచి చూసుకోవాలి, తొందరపడకూడదు. అయ్యాక మొదటి చెంబు బేసినులో, రెండో చెంబు గచ్చు మీద, మూడోది కాళ్ళ మీద. ముప్పై ఏళ్ళు ఎక్కాలు చెప్పినాయన. ఇదీ ఎక్కంలాగే చెప్పించారు. వాడు వల్లె వేశాడు.

అంతా విని వాడు ఆయన ముఖంలోకి చూసి, "మరి నాకు తాడేదీ?" అన్నాడు.

మాస్టారు ఇరుకున పడ్డారు. జందెం అడిగినవాళ్ళకి ఇచ్చేది కాదు, మా ఇళ్ళలో వేసుకునేదీ కాదు. వద్దంటే పిల్లాడు మళ్ళీ మొలతాడు పట్టుకుంటాడు. ఆయన వసారా వైపు చూశారు. నేనూ చూశాను. నాకైతే అటు చూడటానికే భయం. మా బిందె తగిలితే ఆవిడ తన బిందె మళ్ళీ తోముకునేది. ఆ ఆచారం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు, ఆవిడకి దండం పెడుతున్నాను కదా అని ఆ మాట దాచను.

మామ్మగారు దండ పక్కన పెట్టింది. ఒళ్ళో ఉన్న అరటినార ఒక పోగు చీల్చి, నీళ్ళలో తడిపి, చివర్లు ముడేసింది. మెట్లు దిగి వచ్చి పిల్లాడి ముందు కూర్చుంది. గట్టు మీద పెట్టి తీసుకోమంటుందనుకున్నాను. తనే వాడి చెవి పట్టుకుని నార రెండు చుట్లు చుట్టింది. మడిలో ఉంది. ముట్టుకున్నాక మళ్ళీ స్నానమేనని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

"మీరు మల్లీ నీల్లోసుకోవాలి కదా మామ్మగారూ" అన్నాను.

"ఇన్నాళ్ళూ ఇతగాడు నా చేత పోయిస్తూనే ఉన్నాడు. ఇంకో రెండు చెంబులకేం" అంది. తరవాత నా వైపు తిరిగి, "ఆవు ఎవరో తెలిసిందిలే" అని తమ్ముడి వైపు ఓరగా చూసింది. మాస్టారు తల వంచుకుని నవ్వారు. ఇల్లు ఖాళీ చెయ్యమన్నమాట మళ్ళీ ఆవిడ నోటివెంట రాలేదు. నేనే ఆ సాయంత్రం వెళ్ళి, ఆ రోజు నోరు జారినందుకు క్షమించమని అడిగాను. ఆ మాట ఇద్దరం అనుకున్నాం కదా, చెల్లుకు చెల్లు అంది.

మర్నాటినుంచి రోజూ పొద్దున్నే దొడ్డిగది గుమ్మం పక్కన మేకుకి తాజా అరటినార పోగు ఒకటి వేలాడుతుండేది. మామ్మగారు పూలదండకి నార తీసినప్పుడే వాడికోసం ఒకటి తీసి తగిలించేది. వాడు దాన్ని అందుకుని చెవికి చుట్టుకుని, మూతి బిగించి, పెద్దమనిషిలా లోపలికెళ్ళేవాడు. ఇటుకల మీద కూర్చునేవాడు. మూడు చెంబులు పోసి వచ్చి నార మేకుకి తగిలించి అప్పుడు నోరు విప్పేవాడు. మొదటిరోజు కాస్త అటూ ఇటూ అయింది. రెండోరోజు మెట్టు మీద నాలుగు చుక్కలు. మూడోరోజు నుంచి గచ్చు మీద మంచినీళ్ళ తడి తప్ప ఇంకో తడి లేదు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి ఈ కథ విని పడీపడీ నవ్వాడు. నవ్వడం అయ్యాక, "నువ్వెన్నిసార్లు కొట్టావు" అని అడిగాడు. నేను అన్నం వడ్డించడానికి లేచాను.

నాలుగోరోజు పొద్దున్న పిల్లాడు నన్ను పిలిచి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. "సూడమ్మా, ఎక్కడా పడనేదు" అని గచ్చంతా తిప్పి చూపించాడు. నిజంగానే ఎక్కడా లేదు. నాకు సంతోషం పట్టలేక తల నిమరబోయి చెయ్యెత్తాను.

వాడు కళ్ళు గట్టిగా మూసుకుని, భుజాలు చెవుల దాకా లాక్కుని, వీపు నా వైపు తిప్పి నిలబడ్డాడు.

కదలకుండా నిలబడ్డాడు. ఏడవలేదు కూడా. దెబ్బ పడి వెళ్ళిపోతుందని ఎదురుచూస్తున్నాడు. గచ్చు పొడిగా ఉన్నా, తడిగా ఉన్నా నా చెయ్యి లేచిందంటే వాడికి తెలిసింది ఒకటే. ఆ చెయ్యిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాల్లోనే ఉంచాను.

నూతి దగ్గర నీళ్ళు తోడుతున్న మామ్మగారు చూసింది. చేద దించి అక్కడినుంచే అంది. "వాడికి నేర్పడం అయిపోయింది. ఇహ ఆ చెయ్యికి నేర్పాలమ్మాయ్."

నేను అక్కడే చతికిలబడి ఏడ్చేశాను. ఆవిడ ఊరుకోమనలేదు. ఏడుపు అయ్యేదాకా చూసి, చెయ్యి పైనించి తీసుకురావద్దని చెప్పింది. వాడికి కనపడేలా, అరచెయ్యి తెరిచి, కింద నుంచి తీసుకురమ్మంది. ముందు చుబుకం, అక్కడ అలవాటు పడ్డాక బుగ్గ, తల చిట్టచివరికి. బెదిరిన పెయ్యని అలాగే కదా దగ్గరికి తీసేది, రైతు బిడ్డవి నీకు తెలియదా అంది. తెలుసు. మా ఇంట్లో పెయ్యల దగ్గరికి అలాగే వెళ్ళేదాన్ని. కన్నబిడ్డ దగ్గర గుర్తు రాలేదు.

ఆ రోజునుంచి పనిగట్టుకుని చేశాను. అన్నం తినిపించేటప్పుడు చుబుకం కింద చెయ్యి పెట్టేదాన్ని. ముఖం కడిగేటప్పుడు బుగ్గ. వాడు ప్రతిసారీ ముందు నా చెయ్యి వైపు చూసేవాడు, తరవాత నా ముఖం వైపు చూసేవాడు. తల దువ్వాలంటే వాళ్ళ నాన్న చేత దువ్వించేదాన్ని. తొందరపడి రెండుసార్లు చెడగొట్టాను. కోపం వచ్చినప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నూతి దాకా నడిచి వచ్చేదాన్ని. మాస్టారు అరుగు మీంచి చూసి ఏమీ తెలియనట్టు కళ్ళజోడు తుడుచుకునేవారు. కార్తీకం వెళ్ళింది. మార్గశిరం సగం గడిచింది. వాడికి మూడు రోజుల్లో వచ్చిన విద్య నాకు నెల దాటినా రాలేదు.

ఒకరోజు సాయంత్రం వాడు గుమ్మంలో కూర్చుని బెల్లం అటుకులు తింటున్నాడు. పక్క నుంచి వెళ్తూ, ఏ ఆలోచనా లేకుండా, పైనుంచే వాడి తల మీద చెయ్యి వేశాను. వేశాక భయపడ్డాను. వాడు కళ్ళు మూసుకోలేదు. భుజాలు కదల్లేదు. అటుకులు నములుతూనే ఉన్నాడు. గిన్నెలో బెల్లం ముక్క కోసం వెతుక్కుంటూ, నా చెయ్యి తల మీద ఉన్న సంగతే పట్టించుకోలేదు. కాసేపు అలాగే ఉంచాను.

ఆ తరవాత చేస్తున్న పని వదిలేసి ముందు వాటాకి పరిగెత్తాను. మామ్మగారు వత్తులు చేసుకుంటోంది. గుమ్మం బయటే నిలబడి, "ఈయాల కళ్ళు మూసుకోనేదు మామ్మగారూ" అన్నాను. ఏ సంగతని ఆవిడ అడగలేదు. చేతిలో వత్తి అలాగే పట్టుకుని నా ముఖం చూసింది.

"వాడు మరిచిపోతాడు. నువ్వు మాత్రం మరిచిపోకు" అంది.

వాడు మరిచిపోయాడు. ఇప్పుడు వాడికి అరవై దాటాయి. నా మోకాళ్ళకి నూనె రాస్తూ కూర్చున్నప్పుడు ఎప్పుడైనా ఈ సంగతి ఎత్తితే, "నువ్వు నన్నెప్పుడు కొట్టావమ్మా" అంటాడు.